ముంగిలి

నయాపూల్ వంతెనపై మూసీని దాటి దక్షిణంగా నడిచే బాటసారికి కుడిప్రక్కన హైకోర్టు గుమ్మటాలు, ఎడమప్రక్కన సాలార్‌జంగ్ మ్యూజియం కనబడతాయి. మరికొంత దూరం పోతే మదీనా కూడలి. ఆ కూడలికి పేరు తెచ్చిన భవనం అద్దె రాబడి ఒకప్పుడు మదీనా నగరవాసుల సహాయార్థం పోయేదని ప్రసిద్ధి. అక్కడినుండి చార్‌కమాన్ దాకా వీధికి రెండు వైపులా చెక్కుడు రాతితో కట్టిన కమానుల వరుస సాగిపోతుంది. కమానుల వెనుక వరండా, వరండా వెనుక మల్గీలు, మల్గీలపై నివాసాలు. ఒకే ఎత్తు, ఒకే తీరు. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ గొడుగుతో పనిలేకుండా ఒక చివరినుండి మరొక చివరికి నడిచిపోయే వీలుండేటట్లు కట్టిన వీధి ఇది. దీనికి పత్తర్‌గట్టీ అని పేరు.

పెళ్లిచీరల కొరకు జిల్లాలనుండి దిగే కుటుంబాలు, ముత్యాల దండలు బేరమాడే యాత్రికులు, అత్తరు సీసాలు ఎంచుకునే యువకులు ప్రతిదినం ఈ కమానుల క్రిందుగా పోతుంటారు. తలెత్తి పైకి చూసేవారు అరుదు. చూసినా వారికి కనబడేవి నామఫలకాలే. రాతి మొగం మీద రేకులు, ప్లాస్టిక్ అక్షరాలు, వాటిపై తీగల చిక్కు. పైయంతస్తుల్లో చాలాచోట్ల కాపురాలు లేవు. బట్టల మూటలు ఉన్నాయి. వరండాలో నడిచే చోటు సగానికి తగ్గింది. మిగిలిన సగంలో బల్లలు, బొమ్మలు, కుర్చీలు.

చాలామంది ఈ కమానులు చార్మినారు ఈడువని భావిస్తారు. చార్మినారు 1591 నాటిది. పత్తర్‌గట్టీ ఇరవయ్యవ శతాబ్దపు కట్టడం. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది మరణించారు. ఆ వెంటనే ప్లేగు వచ్చింది. ఇరుకు సందులు, వెలుతురు చొరని ఇళ్లు, మురుగు కదలని వాడలు ఎంత ప్రమాదకరమో ప్రభుత్వానికి తెలిసివచ్చింది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. మొగల్‌పురా, సుల్తాన్‌షాహీ, నాంపల్లి వంటి చోట్ల అది ఇరుకు వాడలను తొలగించి తక్కువ అద్దె ఇళ్లు కట్టించింది. నదికీ చార్మినారుకూ నడుమనున్న బాటను వెడల్పు చేసి, తీసివేసిన కట్టడాల స్థానంలో ఈ రాతి వరుసను నిలబెట్టించింది.

అనగా, నేడు వారసత్వమని చెప్పుకునే పత్తర్‌గట్టీ కూడ ఒక కూల్చివేతలోనుండే పుట్టింది. ఆనాడు కప్పు కోల్పోయినవారు ఎక్కడికి పోయారో చరిత్ర గ్రంథాలు చెప్పవు. ఈ సంగతి మరచి, పాతదంతా పవిత్రమనీ కొత్తదంతా వికృతమనీ తీర్పు చెప్పడం తేలిక. పాతబస్తీ విషయంలో అటువంటి తీర్పులు తరచుగా వినబడతాయి.

నగరాలు రెండు విధాలుగా పెరుగుతాయి. ఒకటి వెలుపలికి, రెండవది లోపలికి. మూసీకి ఉత్తరాన హైదరాబాదు వెలుపలికే పెరిగింది. బంజారాహిల్స్ గుట్టలు, మాదాపూర్ బండలు, ఆ తరువాత అవుటర్ రింగు రోడ్డు వెంబడి పొలాలు ఒకదాని తరువాత ఒకటిగా నగరమయ్యాయి. పాతబస్తీ పెరుగుదల ప్రధానంగా లోపలికి. ఒకనాడు దానిచుట్టూ ప్రాకారం ఉండేది. ఇప్పుడు ఆ ప్రాకారపు ద్వారాల్లో పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే మిగిలాయి. గోడ పోయినా గోడలోపలి బతుకు పద్ధతి పోలేదు. తాత దుకాణం ఉన్న వీధిలోనే మనవడి దుకాణం ఉండాలి. అన్న ఇంటి ప్రక్కనే తమ్ముని ఇల్లు ఉండాలి. అందుచేత ఖాళీగా కనబడిన ప్రతి జాగాలోనూ గోడ లేస్తుంది. నగర నిర్మాణ శాస్త్రజ్ఞులు దీనిని ‘ఇన్‌ఫిల్’ అంటారు. తెలుగులో చెప్పుకుంటే, నడుమనున్న జాగాలను పూరించి కట్టడం.

ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. రోడ్డు, నల్లా, విద్యుత్తు, బడి, మసీదు, గుడి అన్నీ అక్కడే ఉన్నాయి. పొలాలను మింగి కొత్త కాలనీ వేయడంకంటె ఉన్న వాడలో మరి నాలుగు కుటుంబాలకు చోటు కల్పించడం పొదుపైన పని. ప్రపంచంలోని పెక్కు నగరాలు ఇప్పుడు ఈ మార్గాన్నే కోరుకుంటున్నాయి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఖాళీగా కనబడేదంతా నిజంగా ఖాళీయేనా అనే ప్రశ్న దగ్గర.

ఈ ప్రశ్నకు జవాబు దేవిడీలో దొరుకుతుంది. ఆసఫ్‌జాహీల కాలపు ప్రభువర్గం నివసించిన విశాల గృహాలను పాతబస్తీలో దేవిడీలంటారు. వీధినుండి చూస్తే ఎత్తైన గోడ, ఒక కమాను మాత్రమే కనబడతాయి. కమాను దాటితే ముంగిలి. ఉర్దూలో దానిని ఆంగన్, సహన్ అంటారు. ముంగిలి చుట్టూ స్తంభాల దాలాన్లు, వాటి వెనుక గదులు, మూలన బావి. సున్నపు గోడలు మూరెడు మందాన ఉండి పగటి వేడిని ఆపేవి. సాయంత్రం ముంగిట్లో నీళ్లు చల్లితే గాలి చల్లబడి దాలాన్లలోకి తిరిగేది. గదులకు వీధివైపు కిటికీలు లేకపోయినా వెలుతురుకు లోటు లేదు, ఎందుకంటే ప్రతి గదీ ముంగిలివైపు తెరచుకునేది. ముంగిలి ఇంటికి ఊపిరితిత్తి వంటిది. పెళ్లి అక్కడే, వంట అక్కడే, వేసవి రాత్రుల నిద్ర అక్కడే. దస్తావేజులో మాత్రం అది ‘ఖాళీ స్థలం’.

మదీనా కూడలికి సమీపంలోని దివాన్ దేవిడీ ఇందుకు పెద్ద ఉదాహరణ. హైదరాబాదు ప్రధానమంత్రులైన సాలార్‌జంగ్ వంశీయుల నివాసమది. మూడవ సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న మ్యూజియం ప్రారంభమైనది కూడ ఆ దేవిడీలోనే. ప్రారంభించినవారు నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున ఉన్న నేటి భవనానికి తరలిపోయింది. తరువాత దేవిడీ ముక్కలు ముక్కలుగా కనుమరుగై, దాని ఆవరణంతా బట్టల టోకు బజారుగా మారింది. ఈనాడు దివాన్ దేవిడీ అంటే కొనుగోలుదారులకు గుర్తుకు వచ్చేది తయారుదుస్తుల దుకాణాలే. కమాను మాత్రం పేరును మోస్తూ నిలిచింది.

చౌమహల్లా ప్యాలెస్ సంగతి మరింత స్పష్టమైనది. పద్దెనిమిదవ శతాబ్దపు నడిమి కాలంలో ఆరంభమైన ఆ సముదాయం మొదట సుమారు 45 ఎకరాలలో ఉండేది. ఇప్పుడు మిగిలినది సుమారు 12 ఎకరాలు. మిగిలిన దానిని శ్రద్ధగా బాగుచేసి 2005లో ప్రజలకు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. పురస్కారం పొందిన 12 ఎకరాల గురించి అందరూ మాట్లాడతారు. పోయిన 33 ఎకరాలలో ఇప్పుడు వేలాది జనం కాపురముంటున్నారు, వ్యాపారం చేసుకుంటున్నారు. వారిని గురించి మాట్లాడేవారు తక్కువ.

దేవిడీలు ఎందుకు పడిపోయాయి? 1949లో జాగీర్దారీ రద్దయింది. రాబడి ఆగింది. వందమంది పనివారితో నడిచే ఇంటిని పదిమంది నడపలేరు. సున్నపు కప్పు రెండు వర్షాకాలాలు పట్టించుకోకపోతే కారుతుంది. నాలుగు వర్షాకాలాలకు కూలుతుంది. వారసులు పెరిగారు, వాటాలు తగ్గాయి. అమ్ముకోక తప్పలేదు. దేవిడీ పోయిందని కన్నీరు కార్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ విశాలమైన ముంగిలి కొద్దిమందిది. దానిని ఊడ్చినవారికి, నీళ్లు చల్లినవారికి అందులో వాటా లేదు. ఈనాడు అదే జాగాలో మూడు గదుల వాటాలో కాపురముండే దర్జీ కుటుంబానికి నగరం నడిబొడ్డున తనదైన తలుపు ఒకటి ఉంది. ఇది చిన్న విషయం కాదు.

అయితే పూరించడంలో తెలివీ ఉంటుంది, తెలివితక్కువతనమూ ఉంటుంది. ప్రభువుల ఇళ్లను ప్రక్కన పెట్టి, లాల్‌దర్వాజా ప్రాంతంలో ఒక సామాన్య గృహస్థుని పాత ఇంటిని ఊహించుకోవచ్చు. మూడు వందల గజాల స్థలం. నడుమ ముంగిలి, మూలన బావి, చుట్టూ ఆరు గదులు. తండ్రి పోయిన ఏడాదికి అన్నదమ్ములు పంపకానికి కూర్చుంటారు.

“అన్నా! బావి పూడిస్తే రెండు మల్గీలు పడతయి. కిరాయి వస్తది,” అంటాడు చిన్నవాడు.

“బావిల నీళ్లున్నయి కద తమ్మీ!” అంటాడు పెద్దవాడు.

“నల్లా ఉన్నది కద!”

పెద్దవానికి జవాబు తోచదు. ఎందుకంటే చిన్నవాడు చెప్పినది అబద్ధం కాదు. వానికి ఇద్దరు పిల్లలు. కళాశాల ఫీజులు కట్టాలి. బావి పూడుతుంది. ముంగిలి నడుమ గోడ లేస్తుంది. నాలుగేళ్లలో గోడకు అటూ ఇటూ పిల్లర్లు లేచి స్లాబు పడుతుంది. ఒకప్పుడు ముంగిలివైపు తెరచుకున్న గదికి ఇప్పుడు ఏ వైపూ కిటికీ లేదు. పట్టపగలు ట్యూబులైటు వెలుగుతుంటుంది. గాలి ఆడని చోట ఏ.సి. వస్తుంది. ఏ.సి. వచ్చిన చోట పాత వైర్లపై బరువు పెరుగుతుంది. ఇందులో ఎవరూ దుర్మార్గులు లేరు. అన్నదమ్ములిద్దరూ తమ సొంత జాగాలోనే కట్టుకున్నారు. ఇద్దరిదీ కానిది, ఇద్దరికీ అవసరమైనది ఒకటి పోయింది.

ఈ సంగతి ఎంత తీవ్రమైనదో 2025 మే 18 ఆదివారం తెల్లవారుజామున నగరమంతటికీ తెలిసివచ్చింది. గుల్జార్‌హౌజ్ సమీపంలో ఒక పాత భవనంలో మంటలు లేచాయి. క్రింద నగల, ముత్యాల దుకాణాలు; పైన తరతరాలుగా కాపురమున్న ఒక ఉమ్మడి కుటుంబం. విద్యుత్తు షార్ట్ సర్క్యూట్ కారణమని తొలి విచారణలో భావించారు. ఆ ఇంటికి లోనికీ బయటికీ ఒకటే ఇరుకైన దారి. పైకి పోవడానికి ఒకటే సన్నని మెట్ల వరుస. పొగ ఆ దారినే కమ్ముకుంది. ఒక్క కుటుంబానికి చెందిన 17 మంది మరణించారు. వారిలో ఎనిమిదిమంది చిన్నపిల్లలు. వేసవి సెలవులు కావడంతో బంధువులు కూడ వచ్చి ఉన్నారు.

క్రింద అంగడి, పైన ఇల్లు అనే ఏర్పాటులో తప్పు లేదు. వ్యాపారం చేసేవాడు అంగడిపైనే కాపురముండడం పాతబస్తీకి ప్రాణం వంటిది. రాత్రి తొమ్మిది తరువాత నిర్మానుష్యమయ్యే వాణిజ్య కూడళ్లతో పోల్చితే, పై కిటికీలో దీపం వెలిగే వీధి క్షేమకరమైనది కూడ. పత్తర్‌గట్టీని కట్టినవారు ఉద్దేశించినది అదే. కాని గాలికి, వెలుతురుకు, పారిపోవడానికి రెండవ దారి కావాలి. అటువంటి దారి పాత ఇళ్లలో సాధారణంగా ముంగిలినుండే దొరికేది. ముంగిళ్లు ఒకటొకటిగా నిండిపోయిన వాడలో అగ్నిమాపక శకటం వీధి మొదట్లోనే నిలిచిపోతుంది. అక్కడినుండి గొట్టాలు లాగాలి. గొట్టం చేరేలోగా పొగ తన పని తాను చేసుకుపోతుంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. పాతబస్తీ అభివృద్ధి కొరకే 1981లో కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. వారసత్వ కట్టడాలను కాపాడే నిబంధనను హుడా తెచ్చింది. 1995లో ఆ కట్టడాల జాబితా వెలువడింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. జాబితా ఒక్కొక్క భవనాన్ని పేరుపెట్టి కాపాడుతుంది. భవనానికీ భవనానికీ నడుమనున్న జాగాకు పేరు లేదు, కాబట్టి దానికి కాపలా కూడ లేదు.

2006లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదుకు కొత్త భవన నియమావళిని తెచ్చింది. స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు కట్టవచ్చుననే పాత లెక్క పోయి, ఎదుటనున్న రోడ్డు వెడల్పును బట్టి భవనం ఎత్తును నిర్ణయించే పద్ధతి వచ్చింది. ఇరుకు వాడలకు వేరే పరిమితులున్నా మూలసూత్రం అదే. ఆ తరువాత రోడ్డు విస్తరణ అనే మాటకు కొత్త అర్థం ఏర్పడింది. వాహనాలకు దారి ఇవ్వడం ఒకటే కాదు. రోడ్డు వెడల్పయితే మిగిలిన ముక్కపై ఎక్కువ అంతస్తులు లేపవచ్చు. యజమానికి ముందుభాగం పోయినా పైభాగం కలిసివస్తుంది. నియమాలు దాటి కట్టినవారికి 2007 చివరలో ఒకసారి, 2015లో మరొకసారి రుసుము కట్టి క్రమబద్ధం చేసుకునే అవకాశం కూడ దొరికింది. గాలికొరకు వదలవలసిన మూడడుగులను వదలినవాడు నష్టపోయాడు. వదలనివాడు రుసుము కట్టి నిశ్చింతగా ఉన్నాడు. ప్రక్కింటివాడు ఈ లెక్కను ఇట్టే నేర్చుకుంటాడు.

ఈ లెక్కలో కనబడనివాడు కిరాయిదారు. పాతబస్తీలో మల్గీలు చాలావరకు కిరాయివే. పెద్ద మొత్తం పగిడీగా ముందు చెల్లించి, ఆ తరువాత స్వల్ప కిరాయితో రెండు మూడు తరాలు ఒకే మల్గీలో గడపడం ఇక్కడ ఆచారం. అత్తరు అమ్మేవాడు, గడియారాలు బాగుచేసేవాడు, టోపీలు కుట్టేవాడు, లక్కగాజులకు అద్దాలు అతికేవాడు ఈ విధంగా నిలదొక్కుకున్నవారే. భవనం కూలి కొత్త కాంప్లెక్సు లేచినప్పుడు యజమానికి రాబడి పెరుగుతుంది. పాత కిరాయిదారుకు సెల్లార్‌లోనో మూడవ అంతస్తులోనో చోటు చూపుతారు. గడియారం బాగుచేయించుకోవడానికి లిఫ్టెక్కి మూడవ అంతస్తుకు ఎవరు పోతారు? 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు గాజుకు వచ్చింది. గాజును వేడిపై వంచే చిన్న కుంపటికి లాడ్‌బజారు వెనుక సందుల్లో ఎంతకాలం చోటుంటుందనేది వేరే ప్రశ్న.

ఇటలీలోని బొలోన్యా నగరం 1970ల నాటికే ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. పాత వాడలోని ఇళ్లను బాగుచేసే పథకం వేసినప్పుడు, ఆ ఇళ్లలోని సామాన్య నివాసులు అక్కడే కొనసాగడాన్ని కూడ ఆ పథకంలో భాగంగా చేర్చింది. రాళ్లతోబాటు మనుషులనూ సంరక్షించాలనే ఆలోచన అప్పటినుండి ప్రపంచ ప్రసిద్ధమైంది. చార్మినారు చుట్టూ జరిగిన పనిలో రాళ్లకు దక్కినంత శ్రద్ధ మనుషులకు దక్కలేదనే చెప్పాలి. పాదచారుల పథకం పేరిట చార్మినారు పరిసరాలలో రాతి పలకలు పరిచి వాహనాలను మళ్లించారు. ఒకప్పుడు ఆటోల పొగలో మునిగిన కట్టడం చుట్టూ ఇప్పుడు పిల్లలు నడుస్తున్నారు, పరుగెత్తుతున్నారు. ఇది నిస్సందేహంగా మేలు. ఆ మేలు జరిగిన చోట తోపుడుబండివాడు ఎక్కడ నిలబడాలనేది మాత్రం నేటికీ ప్రతిదినం కొత్తగా తేలవలసిన వివాదమే.

చార్మినారుకు తూర్పుగా, కాస్త ఎడంగా మరొక పెద్ద మార్పు సాగుతున్నది. హైదరాబాదు మెట్రోరైలు మొదటి దశలో పాతబస్తీకి వెళ్లవలసిన భాగం ఆగిపోయింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ మార్గం మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు వచ్చి నిలిచింది. మూసీ దాటలేదు. అనేకమంది పాతబస్తీ వాసులకు అది ఒక అవమానంగానే తోచింది. 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. తరువాత మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా, అంటే సుమారు ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించారు. దారుల్‌షిఫా, మొగల్‌పురా, శాలిబండల మీదుగా పోయే ఈ దారిలో వెయ్యికి పైగా ఆస్తులు పూర్తిగానో కొంతగానో పోవలసి ఉన్నట్లు లెక్క తేల్చారు. గజానికి రూ. 81,000 చొప్పున పరిహారం నిర్ణయించారు. 2025 జనవరిలో చెక్కుల పంపిణీ, దానివెంట కూల్చివేతలు మొదలయ్యాయి. వారసత్వ కట్టడాలకు హాని కలుగుతుందనే వ్యాజ్యం కూడ అదే ఏడాది హైకోర్టుకు చేరింది.

పరిహారం గజానికి. గజం ఉన్నవానికి చెక్కు వచ్చింది. ఆ గజంపై ముప్పయ్యేళ్లు కుట్టుమిషను తొక్కినవాడు ఆ చెక్కును దూరంనుండి చూశాడు. అయినా రైలు వద్దనే మాట ఆ వీధుల్లో అంతగా వినబడదు. ఉద్యోగానికి రోజూ మాదాపూర్ పోయి వచ్చే యువతీ యువకులకు రెండు గంటల ప్రయాణం ఒక గంటకు తగ్గడమంటే జీతం పెరిగినట్లే. మార్గం మీద ‘సాలార్‌జంగ్ మ్యూజియం’, ‘చార్మినార్’ అనే పేర్లతో స్టేషన్లు ఉంటాయి. ఆ కట్టడాలకు అవి సుమారు అర కిలోమీటరు దూరంలో ఉండేట్లు నిర్ణయించారు.

పాతబస్తీ వీధులకు మరొక పని కూడ ఉంది. అవి ఊరేగింపుల బాటలు. ఆషాఢమాసంలో బోనాల పండుగ ముగింపున అక్కన్న మాదన్న ఆలయపు ఘటం ఏనుగుపై శాలిబండ, చార్మినారుల మీదుగా నయాపూల్ దాకా సాగుతుంది. మొహర్రం పదవనాడు దబీర్‌పురానుండి బీబీకా ఆలం ఏనుగుపైనే బయలుదేరి చార్మినారు మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. ఇంటి మిద్దెలపైనుండి, పై కిటికీలలోనుండి స్త్రీలు, పిల్లలు చూస్తారు. కాపురాలు తరలిపోయి మూటలు చేరిన అంతస్తులనుండి ఊరేగింపును చూసేవారు ఉండరు.

రోడ్డు విస్తరణలో సగం తెగిన ఇళ్లను శాలిబండ దారిలో నడిచేవారు చూడవచ్చు. కొలతల ప్రకారం యంత్రం ముందుభాగాన్ని కోసివేయగా లోపలి గోడ వీధికి మొగమైంది. ఆకుపచ్చ సున్నం వేసిన పడకగది గోడ, దానిలో బట్టలు పెట్టుకునే గూడు, ఇంకొక గూటిలో దీపపు మసి, పై అంతస్తుకు పోతూ నడుమ ఆగిపోయిన మెట్లు. ఎన్నడూ పరాయివారి కంటబడని గదులు రెండు మూడు నెలలు బాటసారులకు అలాగే కనబడుతుంటాయి. తరువాత మేస్త్రీ వస్తాడు. మిగిలిన పదడుగుల లోతులో రెండు పిల్లర్లు లేపి, గూళ్లున్న గోడకు కొత్త సిమెంటు పూసి, ఇనుప షట్టరు బిగిస్తాడు. షట్టరుపై ‘మల్గీ కిరాయికి ఇవ్వబడును’ అని మూడు భాషల్లో రాస్తారు. దానిముందు, రోడ్డుకూ గోడకూ నడుమ మిగిలిన మూడడుగుల జాగాలో ఎవరో అప్పటికే ఒక బల్ల వేసి పండ్లు పేర్చి ఉంటారు.